పూర్వప్రాథమిక తరగతిలో శరదృతువు: కాగితపు ఆకులు, తంగేడు పూలు

కీలకపదాలు: శరదృతువు, శిశిరం, పూర్వప్రాథమిక విద్య, అంగన్‌వాడీ, బతుకమ్మ పూలు, వనభోజనం.

1. ప్రవేశిక:

అక్టోబరు వచ్చిందంటే నగరాల్లోని కొన్ని పూర్వప్రాథమిక పాఠశాలల గోడల మీద నారింజ, గోధుమ రంగుల కాగితపు ఆకులు వెలుస్తాయి. ఆ ఆకుల ఆకారం మేపుల్ చెట్టుది. తరగతిలోని పిల్లల్లో ఆ చెట్టును చూసినవారు దాదాపు ఉండరు. అదే వారంలో తెలంగాణ పల్లెల్లో చేలగట్ల మీద తంగేడు విరగబూసి ఉంటుంది. ‘ఆటమ్’ అనే ఆంగ్లపదానికి మనం శరదృతువు, ఆకురాలు కాలం అనే రెండు సమానార్థకాలు వాడుతున్నాం. తెలుగునేల మీద ఈ రెండూ ఒకే కాలాన్ని సూచించవు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం రూపొందించే ఋతుసంబంధ కృత్యాలను ఈ భేదం దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదం – కాలం:

ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, వెన్నెల నిండుగా కాసే కాలమిది. వైదిక భాషలో ‘శరత్’ శబ్దానికి సంవత్సరమనే అర్థం కూడా ఉండడం ఈ ఋతువు ప్రాధాన్యాన్ని సూచిస్తుంది. రావి, వేప, మోదుగ మొదలైన చెట్లు ఆకులు రాల్చేది మాత్రం ప్రధానంగా మాఘ, ఫాల్గుణ మాసాల్లో, అంటే శిశిరంలో. సమశీతోష్ణ మండలంలో పగటి నిడివి తగ్గి చలి ముదిరే వేళ ఆకులు రాలుతాయి. మన ప్రాంతంలో నేలలోని తేమ తరిగే కొద్దీ రాలుతాయి. కారణమే వేరు కనుక కాలమూ వేరు.

తెలుగు ప్రాంతమంతటా శరత్తు ఒకే తీరుగా ఉండదన్నదీ గమనార్హం. ఈశాన్య ఋతుపవనాల మూలంగా నెల్లూరు ప్రాంతంలో కార్తికం వానల కాలం. కనుక హైదరాబాదులో తయారైన ‘తేట ఆకాశం’ పాఠం అక్కడ చెల్లదు.

3. పూలతో కృత్యాలు:

బతుకమ్మ భాద్రపద అమావాస్యతో మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. తరగతికి కావలసిన సామగ్రి ఆ పండుగలోనే ఉంది. తంగేడు పువ్వుకు ఐదు రేకులు. నాలుగేళ్ల బిడ్డ వేళ్లతో పోల్చి లెక్కించగల సంఖ్య అది. గునుగు పువ్వు కంకిలా నిలువుగా ఉంటుంది; లేతగా ఉన్నప్పుడు గులాబీ ఛాయ, ముదిరేసరికి వెండి తెలుపు. ఒకే మొక్క మీద రెండు ఛాయలూ కనిపిస్తాయి కనుక ‘ముందు–తరువాత’ అనే భావన వివరణ లేకుండానే పట్టుబడుతుంది. గునుగు కొసలను రంగునీటిలో ముంచి ఆరబెట్టడం ఇళ్లలో పెద్దలు చేసే పనే. పూలను వలయంగా, వరుస మీద వరుసగా, పైకి పోయేకొద్దీ చిన్నదిగా పేర్చడంలో వర్గీకరణ, క్రమం, పరిమాణం అనే మూడు గణిత భావనలూ ఇమిడి ఉన్నాయి. దిగుమతి పాఠంలోని గుమ్మడికాయ బొమ్మకు బదులు నిజమైన గుమ్మడి పాదును చూపవచ్చు. పిందె ఉన్న పువ్వేదో, లేని పువ్వేదో పిల్లలే వెదికి చెబుతారు.

ఒక చిక్కు ఉంది. దసరా సెలవులు సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తాయి. బడిలో బతుకమ్మ ఒక్కపూట ప్రదర్శనగా, పట్టుబట్టల ఛాయాచిత్రంగా ముగిసిపోవడానికి ఇదొక కారణం. పూల పరిశీలన సెలవులకు పదిరోజుల ముందే ఆరంభమైతేనే అది విద్యాకృత్యమవుతుంది.

4. బయటి సందర్శనలు:

కార్తికంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయడం మనకు చిరకాల వాడుక. పిల్లల విహారానికి ఇంతకంటె సిద్ధమైన నమూనా అక్కరలేదు. ఉదయం మంచుబొట్లు పట్టిన సాలెగూడు, తూనీగలు, పగిలిన పత్తికాయ, పొట్టకొచ్చిన వరి: ఒక విహారానికి వీటిలో రెండు చాలు. పిల్లల నడక దూరం పరిమితం.

అంగన్‌వాడీ కేంద్రంలో సాధారణంగా ఒక కార్యకర్త, ఒక ఆయా ఉంటారు. ఇరవైమంది పిల్లలను ఇద్దరే పొలం గట్టుకు తీసుకెళ్లడం సురక్షితం కాదు. తల్లులో, అమ్మమ్మలో తోడు రావాలి. పూల పేర్లు తెలిసినవారు కూడా తరచుగా వారే. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితాలు కనుక సేకరణలో వాటికి చోటివ్వరాదు. పురుగుమందు చల్లిన పత్తిచేలోకి వెళ్లరాదు. వానల అనంతరం గడ్డి ఏపుగా పెరిగినచోట పాముల భయం ఉంటుంది.

2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆట ద్వారా, స్థానిక పరిసరాల ఆధారంగా బోధన సాగాలని సూచిస్తోంది. అయితే నెలవారీ పట్టికలు ఆంగ్ల ఋతువుల పేర్లతోనే తయారైతే ఆ సూచన అమలు కాదు. ఆకుల కృత్యాన్ని తొలగించనక్కరలేదు, ఫిబ్రవరికి జరిపితే చాలు. అప్పటికి బడి ఆవరణలోని రావిచెట్టు కింద పిల్లలు ఏరుకోవడానికి నిజమైన ఎండుటాకులు ఉంటాయి.