పేరు పోగొట్టుకున్న పొన్న

విశాఖలో ఎవరినైనా పున్నాగ చెట్టు చూపించమనండి. సన్నగా, ఎత్తుగా పెరిగి, తెల్లారేసరికి పొడుగు కాడల తెల్లపూలు నేలంతా పరిచే చెట్టును చాలామంది చూపిస్తారు. అది ఆకాశమల్లె. బర్మా వైపు నుంచి వచ్చి మన వీధుల్లో స్థిరపడింది. దాని పరిమళానికి వంక పెట్టలేం గానీ, ఆ పేరు దానిది కాదు. సంస్కృతంలో పున్నాగమనీ, మన పెద్దలు పొన్న అనీ పిలిచింది వేరే చెట్టుని. అది ఉప్పుగాలిలో పుట్టి పెరిగే కడలి ఒడ్డు చెట్టు.

పోల్చుకోవడానికి ఒక్క ఆకు చాలు. మందంగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. నడిమి ఈనె నుంచి అంచుదాకా సన్నటి ఈనెలు దువ్వెన పళ్లలా బారులు తీరి ఉంటాయి. తుంచితే పాలు కారతాయి. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి పెట్టిన ‘కాలోఫిల్లమ్’ అనే పేరుకు గ్రీకులో అందమైన ఆకు అని అర్థం. నేనైతే పువ్వుకే పేరు పెట్టేవాణ్ణి. తెల్లటి రేకులు, నడుమ పసుపు కేసరాల కుచ్చు. మొన్న పొద్దున్న బీచ్ దగ్గర రాలిన పూలు నాలుగు ఏరి చేతిరుమాల్లో ముడేసుకున్నాను. మధ్యాహ్నం విప్పితే రేకులు వాడాయి, వాసన మాత్రం వాడలేదు.

కృష్ణుడు గోపికల చీరలతో ఎక్కి కూర్చున్నది పొన్నచెట్టే అంటారు మనవాళ్లు. కొన్ని గుళ్లలో ఇప్పటికీ స్వామిని పొన్న వాహనం మీద ఊరేగిస్తారు.

కాయ గోళీకాయకంటే కాస్త పెద్దది, గుండ్రంగా, పచ్చగా ఉంటుంది. అలల మీద తేలిపోతూ తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా పాకింది. తాహితీలో దీన్నే తమాను అంటారు. పప్పులో సగానికి పైగా చిక్కటి పచ్చనూనె ఉంటుంది. తినకూడదు, విషం. కిరసనాయిలు రాకముందు తీరపు ఊళ్లలో ఈ నూనెతో దీపాలు వెలిగేవి, కీళ్లనొప్పులకూ చర్మరోగాలకూ పైపూతగా రాసేవారు. కలప పడవలకు వెళ్లేది. 1948లో జలఉష అనే ఉక్కు ఓడను నీళ్లలోకి దించిన ఊరు మనది. ఆ ఉక్కుకు ముందు, తరతరాలు కడలి మీదికి వెళ్లింది ఇలాంటి చెక్కతోనే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన చెట్లను ఎలా కూల్చిందో చూశాం. ఇసుకనూ ఉప్పునూ గాలినీ ఓర్చే పొన్నను మళ్లీ నాటుకుందాం. ఎండిన కాయ పెంకు కాస్త చిట్లగొట్టి పాతిపెట్టండి, త్వరగా మొలుస్తుంది.