బట్టల యంత్రము పిండకున్నచో

రాజంపేట చుట్టుపట్ల పల్లెలలో ఒకప్పుడు బట్టలను చెయ్యేటి నీటిలోనో, బావిగట్టు బండపైననో ఉతుకుట వాడుక. నేడు పెక్కు ఇండ్లలో ఆ పనికి యంత్రము వచ్చినది. దానితోపాటు ఒక క్రొత్త ఫిర్యాదు కూడ వచ్చినది: “మిషను ఉతుకుచున్నది గాని పిండుట లేదు.” నీరోడుచున్న దుప్పటిని చేతులతో పిండి దండెముపైకి ఎత్తుట ఎంత శ్రమయో కీళ్లనొప్పులుగల అవ్వనడిగిన తెలియును. పట్టణమునుండి మెకానిక్కు వచ్చును. ఏదో ఒక భాగము మార్చును. పైకము తీసికొని పోవును. నెల తిరుగకమునుపే మరల అదే తంతు.

ఇది ఇంటి గొడవ గదా, పంచాయతీకి దీనితో ఏమి పని అని సభ్యులు అడుగవచ్చును. పిండని యంత్రపు లోపము చాలమార్లు ఊరి కరెంటులోనో, ఊరి నీటిలోనో దాగియుండును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన 11వ షెడ్యూలులోని 29 అంశములలో త్రాగునీరును, విద్యుత్ పంపిణీతో కూడిన గ్రామీణ విద్యుదీకరణమును ఉన్నవి. కావున సభ్యులు ఈ యంత్రపు సంగతి కొంత తెలిసికొనుట మంచిది.

చేలలో పిట్టలను తోలుటకు వడిసెల త్రిప్పినవారికి దీని సూత్రము క్రొత్త గాదు. వడిసెలను ఎంత వడిగా త్రిప్పిన రాయి అంత బలముగా బయటికి లాగును. పిండు తొట్టి గోడకు రంధ్రములుండును. తొట్టి గిరగిర తిరిగినపుడు బట్టలను గోడ ఆపును. నీటికి అడ్డులేదు గనుక అది రంధ్రముల గుండ వెడలిపోవును. రెండు తొట్ల యంత్రములలో పిండు తొట్టి నిమిషమునకు సుమారు 1300 చుట్లు తిరుగును. వేగము సగమైనచో పిండు బలము సగము గాదు, నాలుగవ వంతునకు పడిపోవును. తొట్టి తిరుగుచున్నట్లే కనబడినను బట్టలు తడిగా మిగులుటకు ఇదియే కారణము.

యంత్రమును పరీక్షించుటకు ముందు ప్లగ్గు ఊడదీయవలెను. స్విచ్చి ఆపిన చాలదు. కొన్ని ఇండ్లలో స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రలు తీగకు బిగించియుందురు. మూత తీసిన పిదప తొట్టి పూర్తిగా నిలుచువరకు చేయి లోపల పెట్టరాదు. తిరుగుచున్న తడిబట్ట వ్రేళ్లకు చుట్టుకొన్నచో వ్రేళ్లు నిలువవు. మూత తెరువగనే మోటారును ఆపు స్విచ్చి చెడినదని, తీగలు రెండును కలిపి ముడివేయువారున్నారు. పిల్లలు మెలగు ఇంట ఇంతకంటె ప్రమాదకరమైన మరమ్మతు లేదు.

ఇంటివారే చూచుకొనదగినవి కొన్ని కలవు. తడిసిన దుప్పటి ఒకప్రక్క ముద్దగా చేరినచో తొట్టి ఊగి గోడకు కొట్టుకొనును. పూర్తి ఆటోమేటిక్ యంత్రమైనచో ఆ ఊపును పసిగట్టి తానే ఆగిపోవును. బట్టలను సమముగా సర్దిన చాలును. కడప బండలు పరచిన నేల కంటికి సమముగా తోచినను బండకు బండకు నడుమ ఎత్తుపల్లములుండును. యంత్రపు నాలుగు కాళ్లును గట్టిగా ఆనవలెను. తరువాత నీరు పోవు గొట్టము. రెండు తొట్ల యంత్రములో నీరు పల్లమునకు తనంతతాను పారవలసినదే. గొట్టపు కొన కాలువగట్టుపై ఎత్తుగా నున్నను, గొట్టము మడతపడినను, నీరు వెలుపలి తొట్టిలో నిలిచి తిరుగు తొట్టిని పట్టి లాగును.

ఇవన్నియు సరిగా నుండియు మోటారు మూల్గుచు తొట్టి కదలకున్నచో రెండు అనుమానములు కలుగును. మూతకు కట్టిన బ్రేకు తీగ వదులై బ్రేకు విడువకుండుట ఒకటి. పంపుమోటార్ల వద్ద మన రైతులు కండెన్సరు అని పిలుచు కెపాసిటరు బలహీనపడుట రెండవది. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ కెపాసిటరు కొంత విద్యుత్తును దాచుకొనును గనుక దానిని పని తెలిసినవారే తాకవలెను. బెల్టుగల యంత్రములలో రబ్బరు కమిలిన వాసన వచ్చినచో బెల్టు జారుచున్నదని గుర్తు.

ఇక ఊరి సంగతి. ఇండ్లకు రావలసిన వోల్టేజి 230. అందు 6 శాతము హెచ్చుతగ్గులు సహింపదగినవిగా నిర్ణయించిరి. అనగా సుమారు 216 మొదలు 244 వరకు. ట్రాన్స్‌ఫార్మరుకు దూరముగా వీధి కొననున్న ఇండ్లకు, సాయంకాలము అందరి మిక్సీలును ఫ్యానులును ఒకేమారు తిరుగువేళ, లేదా అదే ట్రాన్స్‌ఫార్మరుపై పంపుమోటార్లు నడుచువేళ, ఇది 180 వరకు దిగవచ్చును. ఈ మోటార్ల త్రిప్పు బలము వోల్టేజి వర్గమును అనుసరించి తగ్గును. 180 వోల్టుల వద్ద మిగులునది పూర్తి బలములో సుమారు 61 శాతమే. తడిబట్టల బరువుతో నిలిచియున్న తొట్టిని కదల్చి వేగమందించుటకు అది చాలకపోవచ్చును. మోటారు మూల్గి, వేడెక్కి, తుదకు చుట్లు కాలును. మెకానిక్కు మోటారును మార్చును. కరెంటు మాత్రము మారదు. ఒకే యంత్రము తెల్లవారుజామున చక్కగా పిండి, అన్నియే బట్టలను సాయంకాలము పిండకున్నచో మొదట అనుమానింపవలసినది కరెంటునే.

స్టెబిలైజరు కొనుడని అంగడివారు చెప్పుదురు. అది ఒక ఇంటికి ఉపాయమే గాని వీధికి కాదు. వోల్టేజిని పెంచుటకై అది లైను నుండి ఎక్కువ కరెంటును లాగును. పొరుగింటికి అందునది మరికొంత తగ్గును. సభ్యులు వీధి మొదటి ఇంటను, చివరి ఇంటను వారము దినములు ఉదయ సాయంకాలములందు వోల్టేజిని కొలిపించి వ్రాయించవలెను. ఆ పట్టికను తీర్మానముతో జతచేసి ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు పంపినచో, నోటిమాట ఫిర్యాదు కంటె దానికి విలువ హెచ్చు. 1912 నంబరునకు ఫోనుచేసియు ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

నీటి సంగతి ఇంతకు తక్కువది గాదు. లోతు బోర్ల నీటిలో పలుచోట్ల సున్నపు లవణములు హెచ్చు. వానితో సబ్బు కలిసినపుడు నురుగుకు బదులు తెల్లని మడ్డి ఏర్పడును. మురికి పోలేదని ఇల్లాలు మరికొంత సబ్బు వేయును. మడ్డి మరికొంత పెరుగును. అది నూలుపీచుతో కలిసి జల్లెడను, నీరు పోవు ద్వారమును మూయును. ఆటోమేటిక్ యంత్రములో నీటిమట్టమును తెలుపు సన్నని గొట్టము మూసికొనిపోయినచో, నీరు పోయినను ఇంకను ఉన్నదనియే యంత్రము తలచి తిరుగుట మానును. త్రాగునీటి కాఠిన్యమునకు భారతీయ ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాములు. వేరు ఆధారము లేనిచోట 600 వరకు అనుమతి. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద ఊరిలోనే నీటిని పరీక్షించు పెట్టెలను ఇచ్చి, గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఇప్పించు ఏర్పాటు కలదు. ఆ పెట్టె పంచాయతీ కార్యాలయపు బీరువాలో ఊరక పడియున్నదేమో సభ్యులు చూడవలెను.

మడ్డి పట్టిన యంత్రమును గోరువెచ్చని నీటిలో నిమ్మఉప్పు కలిపి, బట్టలు లేకుండ నడిపి కడుగవచ్చును. అందు బ్లీచింగు పొడిని కలుపరాదు. రెండును చేరినచో విషవాయువు పుట్టును.

ఎర్తు విషయమున మన సీమకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంత వానకాలములో బాగుగా పనిచేసినను, ఏప్రిల్, మే నెలలలో నేల ఎండినంతనే దాని శక్తి సన్నగిల్లును. అప్పుడు యంత్రమును తాకినవారికి జివ్వుమనును. తడినేలపై చెప్పులులేక నిలిచిన స్త్రీకి ఆ జివ్వుమనుట ప్రాణాంతకము కావచ్చును. వేసవిలో గుంతలో తరచుగా నీరు పోయవలెను. మూడు కాళ్ల ప్లగ్గునే వాడవలెను. 30 మిల్లీయాంపియర్లకే తెగు ఆర్.సి.సి.బి. స్విచ్చిని ఇంట పెట్టించుకొన్నచో మరింత మేలు.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేటి వరద పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మున్నగు పల్లెలను ముంచిన సంగతి ఈ ప్రాంతమువారు మరువలేదు. అట్టి నీటిలో మునిగిన యంత్రము పైకి ఆరినట్లు కనబడినను మోటారు చుట్లలో తడియును, బేరింగులలో ఒండ్రుమట్టియును మిగిలియుండును. ఎండలో నాలుగు దినములు పెట్టితిమి గదా యని ప్లగ్గు పెట్టరాదు. మోటారును విప్పి, కడిగి, ఆరబెట్టి, ఇన్సులేషనును మెగ్గరుతో కొలిచిన పిమ్మటనే కరెంటు ఇయ్యవలెను. వరద తగ్గిన ఊరిలో ఇంటింటికి ఈ మాట చెప్పించుట, మెగ్గరుగల ఎలక్ట్రీషియనును పిలిపించుట పంచాయతీ మొదటి దినముననే పెట్టుకొనదగిన పని.