ఏటి గట్టున ఏ చెట్టు?

తొలకరి పడగానే మన సంఘాల యౌవనస్థులు, "అయ్యగారూ, ఈసారి ఏటి గట్టున మొక్కలు నాటుదామా?" అని అడుగుతారు. మంచి మాటే. కిన్నెరసాని గోదావరిలో కలిసేది మన బూర్గంపాడు దగ్గరే గనుక మనకు గట్టులకు కొదువ లేదు. అయితే చెట్టు నాటినంత మాత్రాన నీరు శుభ్రపడుతుందా అనే సంగతి ముందు తెలుసుకొనడం మేలు.

దీనికి జవాబు మూసీ నది దగ్గర కనబడుతుంది. పనికోసం హైదరాబాదు వెళ్లిన మన పిల్లలను చూడబోయి, అక్కడి వంతెన మీద ముక్కు మూసుకొననివారు మనలో ఎందరు? అనంతగిరి కొండలలో పుట్టినప్పుడు ఆ ఏరు అలా లేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది చనిపోయినప్పుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బ్రతికారని చెబుతారు. అంతమందిని కాపాడిన చెట్టు ఉన్న గట్టే అది. అయినా నగరపు మురుగు వచ్చి పడుతుంటే ఏ చెట్టూ ఆ నదిని కాపాడలేకపోయింది.

ఎందుకంటారా? వాననీరు పొలం మీదుగా ఏటిలోకి జారేటప్పుడు గట్టున చెట్లు, గడ్డి ఉంటే దాని నడక మందగిస్తుంది, బురద అక్కడే ఆగుతుంది. మన పత్తి, మిరప చేలలో చల్లిన యూరియాలోని నత్రజనిని కొంత వేళ్లు పీల్చుకుంటాయి. కొంతను వేళ్ల చుట్టూ తడిమట్టిలో బ్రతికే సూక్ష్మజీవులు గాలిలోకి పంపివేస్తాయి. నీడ వలన నీరు చల్లబడుతుంది. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా ఉంటుంది గనుక చేపకు మేలు. అయితే మురుగు గొట్టం వేళ్లను తాకకుండా నేరుగా నదిలో కుమ్మరిస్తే గట్టున అడవి ఉన్నా ఏమి లాభం? ఇక ఫ్యాక్టరీల నుండి వచ్చే సీసం, క్రోమియం వంటివి చెట్టు పీల్చినా నశించవు. ఆకులో చేరి, ఆకు రాలితే మళ్లీ నేలకే వస్తాయి. మూసీ నీటితో గడ్డి పెంచి గేదెలకు వేసే చోట ఇది మరీ ఆలోచించదగిన సంగతి. యెహెజ్కేలు 47వ అధ్యాయంలోనూ వరుస ఇదే: ముందు మంచి ఊట, తరువాత గట్టున చెట్లు.

మురుగు చేరే చోటనే మొక్కలను దించిన ఉదాహరణ కూడా హైదరాబాదులోనే ఉంది. నెక్నాంపూర్ చెరువులో 2018లో తేలే తెప్పల మీద వట్టివేరు, మెట్టతామర, జమ్ము వంటివి పెంచారు. వాటి వేళ్లు నీటిలోనికే వ్రేలాడుతూ ఆ మలినాన్ని ఎరువుగా తీసుకొంటాయి.

మన సంగతికి వద్దాము. మీ వీధి కాలువ ఏ వాగులో కలుస్తుందో ఒకసారి వెంట నడిచి చూడండి. అంట్లు తోమిన నీటిని పెరటిలో అరటి పాదుకు మళ్లించండి. మన అమ్మమ్మలు చేసిన పనే. అరటికి స్థలం లేనివారు ఇంకుడు గుంత త్రవ్వుకోవచ్చు.

ఇక గట్టు. సారపాకలో కాగితం మిల్లు ఉంది గనుక మనవారు జామాయిలు, సుబాబులు ఎక్కువగా వేస్తారు. చేలో వేసుకొనండి, తప్పు లేదు. గట్టు మీద మాత్రం వద్దంటాము. నాలుగైదేళ్లకు నరికితే గట్టు బోడిగా మిగులుతుంది. ఏరుమద్ది, నేరేడు, కానుగ, మేడి ఏటి ఒడ్డుకు అలవాటైన చెట్లు. నీటికి దగ్గరగా వెదురు, వట్టివేరు చాలు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది గదా, అలాంటి వరదకు లేత మొక్క నిలువదు. వరద తీసిన తరువాత, నేలలో తడి ఉండగానే, నడుమెత్తు పెరిగిన మొక్కలు నాటండి. మేకలు రాకుండా ముళ్లకంచె వేయాలి, మొదటి రెండు వేసవులు బిందెలతో నీరు మోయాలి. ఈ రెండు పనులకు పేర్లిచ్చినవారు ఎందరో లెక్క చూసుకొని, అన్ని గుంటలే త్రవ్వించండి.