మీకు తెలుసా? ఘాట్ ఎక్కాక మీ ఫైళ్లు మీతో ఉంటాయా?

పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో హుకుంపేట తగులుతుంది. ఆ రోడ్డు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లకి సంగతి తొందరగానే తెలిసొస్తుంది. నిండుగా ఉన్న సిగ్నల్ కొండ పక్కకి తిరిగేసరికి ఒక్క గీతకి పడిపోతుంది, ఇంకో మలుపులో అదీ పోతుంది. టవర్ దగ్గర్లోనే ఉన్నా మధ్యలో కొండ అడ్డొస్తే అవతలి లోయకి అందదు. ఏజెన్సీ మునుపటిలా లేదన్నది నిజమే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. అయినా ఆధార్, లైసెన్సు, బస బుకింగు, ఫొటోలు 'అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయిలే' అన్న ధీమాతో ఘాట్ ఎక్కేవాళ్లు ఇంకా చాలామందే.

ప్రయాణంలో ఫైళ్లకి గండాలు రెండు. ఫోనే పోవడం ఒకటి. ఫోన్ చేతిలో ఉండి నెట్ లేకపోవడం రెండోది. ఫోన్ పోతే ఇంటి దగ్గరో క్లౌడ్‌లోనో ఉన్న కాపీ కాపాడుతుంది. నెట్ పోతే చేతిలో ఉన్న కాపీయే దిక్కు. మనవాళ్లు సాధారణంగా ఒక ఏర్పాటు చేసి రెండూ అయిపోయాయనుకుంటారు.

ఫొటోలే తీసుకోండి. ఫోన్ నిండిపోయిందని గూగుల్ ఫొటోస్ గుర్తుచేసినప్పుడు 'స్పేస్ ఖాళీ చేయి' అని నొక్కేస్తాం. అది చేసేదేమిటంటే, క్లౌడ్‌కి చేరిన ఫొటోల అసలు ఫైళ్లని ఫోన్‌లోంచి తీసేస్తుంది. గ్యాలరీలో చిన్న బొమ్మలు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. నెట్ లేని చోట ఒక ఫొటో మీద నొక్కి చూడండి. మసకగా తెరుచుకుంటుంది, మధ్యలో చిన్న సున్నా తిరుగుతూ ఉంటుంది, అంతే. అది మత్స్యగుండం దగ్గర తీసిన చేపల ఫొటో అయితే నష్టం లేదు, రాత్రికి చూసుకోవచ్చు. బస బుకింగు రసీదో, డాక్టరు రాసిచ్చిన మందుల చీటీయో అయితే అక్కడికక్కడే ఇబ్బంది.

ఇంకో భ్రమ కూడా ఉంది. ఫోన్‌తో పాటు క్లౌడ్‌లోనూ ఉంది కదా, ఫోన్‌లో చెరిపేస్తే అక్కడ ఉంటుందిలే అనుకుంటారు. గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ కొడితే రెండు చోట్లా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, బ్యాకప్ కానిది 30 రోజులే. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఒకచోట చేసిన పొరపాటు రెండోచోటికి పాకకుండా ఉంటేనే దాన్ని బ్యాకప్ అనాలి.

ఈ తెలివి మనకి కొత్తేమీ కాదు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏం చేశాడో తెలుసా? ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. దారిలో చూసినవన్నీ రాసుకుంటూ, ఆ రాతలని ఎక్కడికక్కడ ఉత్తరాలుగా మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపేవాడు. అడవులు, నదులు, దొంగల భయం ఉన్న రోజులు. పల్లకీతో పాటు పెట్టె పోయినా అప్పటిదాకా రాసింది మాత్రం మద్రాసులో భద్రంగా ఉంటుంది. 1831 సెప్టెంబరు 3న ఆయన క్షేమంగానే తిరిగొచ్చాడు, 1836లో చనిపోయాడు. ఆ రాతలని పిళ్లె గ్రంథంగా కూర్చి 1838లో అచ్చు వేయించాడు. 'కాశీయాత్ర చరిత్ర' ఇవాళ మన చేతుల్లో ఉందంటే, రోజురోజు రాతనీ తన దగ్గర పోగేసుకోకుండా ముందే ఇంకో చోటికి చేర్చడం వల్ల కూడా. ఇవాళ సాయంత్రం బసలో వైఫై దొరగ్గానే ఆ రోజు ఫొటోలు అప్‌లోడ్ చేసేవాడు చేస్తున్నది సరిగ్గా అదే.

కాగితాల సంగతికొస్తే, డిజీలాకర్ 2015 జులై 1న మొదలైంది. అందులో రెండు అరలున్నాయని చాలామంది గమనించరు. ప్రభుత్వ శాఖలు నేరుగా జారీ చేసినవి ఒక అరలో, మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నవి ఇంకో అరలో ఉంటాయి. చట్టం దృష్టిలో అసలుతో సమానమయ్యేవి మొదటి అరలోవి మాత్రమే. రైల్వే 2018లో డిజీలాకర్‌లోని ఆధార్‌ని, డ్రైవింగ్ లైసెన్సుని గుర్తింపుగా ఒప్పుకుంటూనే, మనం ఎక్కించిన కాపీలు మాత్రం చెల్లవని కచ్చితంగా చెప్పింది. విశాఖలో కిరండోల్ రైలెక్కి అరకు వచ్చేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఆ లైన్లో సొరంగాలు బోలెడు. టీటీఈ వచ్చేసరికి మీ బోగీ ఏ సొరంగంలో ఉంటుందో చెప్పలేం.

రోడ్డు మీద కూడా అంతే. లైసెన్సు, ఆర్సీ ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోవాలని కేంద్రం 2018లోనే రాష్ట్రాలకి చెప్పింది. కానీ ఏజెన్సీ దారుల్లో గంజాయి తనిఖీలు మామూలు. డిజీలాకర్‌లోకి కాగితం తెప్పించుకోవాలంటే నెట్ ఉండాలి. వెనక వాహనాలు ఆగి ఉంటే, మీరు ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుకుతూ ఉంటే ఆ కానిస్టేబులు ఎంతసేపు ఓపిక పడతాడు? నా మటుకు నేను ఘాట్ రోడ్డుకి ప్లాస్టిక్ కార్డుకే ఓటేస్తాను.

ఆధార్‌కి మాత్రం నెట్ లేకుండా పనిచేసే మార్గం ఉంది. ఈ-ఆధార్ పీడీఎఫ్‌ని ముందే ఫోన్‌లో దించుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది. పాస్‌వర్డు మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. దాని మీదున్న క్యూఆర్ కోడ్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి ఆధార్ సంస్థ స్కానర్ యాప్‌తో నెట్ లేకుండానే సరిచూడవచ్చు. బసల్లో ఇవ్వడానికి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ మేలు. నెట్ సెంటర్‌లో దించుకుంటే, ప్రింటు తీశాక ఆ కంప్యూటర్‌లోంచి ఫైల్ చెరిపించే దాకా కుర్చీ దిగకండి.

ప్రయాణికులంటే అరకు చూడటానికి పైకి వచ్చేవాళ్లే కాదు. హుకుంపేట నుంచి కౌన్సెలింగ్‌కో ఇంటర్వ్యూకో విశాఖ దిగే పిల్లలూ ప్రయాణికులే. నిజానికి కాగితం పోతే ఎక్కువ నష్టపోయేది వాళ్లే. పర్యాటకుడికి పోయేది ఒక సెలవు, కౌన్సెలింగ్‌కి దిగే అమ్మాయికి పోయేది ఒక సీటు. కుల ధ్రువీకరణ పత్రం మర్చిపోయి వచ్చానని మళ్లీ ఘాట్ ఎక్కి దిగితే ఆ రోజు అక్కడికే సరి. వాళ్లకి పనికొచ్చేది ఒకటుంది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్‌లోనే నడుస్తుంది, నంబరు 95523 00009. మీసేవ పత్రం మీదుండే దరఖాస్తు నంబరుని విడిగా రాసి ఉంచుకుంటే ఆ పత్రాన్ని మళ్లీ తీయించుకోవడం తేలిక. ఇంకో మాట, అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అంతకుముందు తీసిన హుకుంపేట పత్రాల మీద విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. కొత్తది వచ్చింది కదా అని పాతది పారేయకండి, రెండూ స్కాన్ చేసి ఉంచండి.

మనవాళ్లు ఎక్కువగా వాడే బీరువా వాట్సాపే. తనకి తానే మెసేజ్ పెట్టుకునే సౌకర్యం 2022 చివర్లో వచ్చాక అది ఇంకా ఎక్కువైంది. తప్పులేదు గానీ సర్టిఫికెట్‌ని ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, సీలు మీది అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీలోంచే పోతుంది. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. పండగ శుభాకాంక్షల వీడియోలు ముందు తీసేయండి!

ఫోన్ పోయినప్పుడు అసలు తిరకాసు మొదలవుతుంది. డిజీలాకర్ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ రావాలంటే సిమ్ కావాలి. కొత్త సిమ్ ఇవ్వాలంటే గుర్తింపు కార్డు చూపించమంటారు, అదేమో డిజీలాకర్‌లో ఉంటుంది. ఎలాగో సిమ్ తీసుకున్నారనుకోండి, మోసాలని ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నియమం ప్రకారం సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. అంటే ఆ ఒక్క రోజు ఎస్సెమ్మెస్ ఓటీపీల మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే గూగుల్ ఖాతాకి బ్యాకప్ కోడ్‌లు తీసి ఉంచుకోవాలి. ఒక విడతకి పది వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, సిమ్‌తో పని లేదు. వాటిని ఫోన్‌లో దాచుకుంటే ఏం లాభం? కాగితం మీద రాసి పర్సులో కాకుండా సంచిలో పెట్టుకోండి.

క్లౌడ్ వద్దని కాదు, అదొక్కటే చాలదని చెప్పడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. మహానగరంలోనే రోజుల తరబడి అలా గడిచింది. కాపీలు మూడు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు. మనలాంటి వాళ్లకి దాని అర్థం ఫోన్, ఒక పెన్‌డ్రైవ్, క్లౌడ్. పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌కి తగిలించే ఓటీజీ ముక్క కూడా సంచిలో వేసుకోండి, అది లేకపోతే పెన్‌డ్రైవ్ ఉన్నా లేనట్టే.

బయల్దేరే ముందు సిగ్నల్ బాగా ఉన్న చోట ఆగి నాలుగు పనులు చేయండి. గూగుల్ మ్యాప్స్‌లో పాడేరు, హుకుంపేట, అరకు ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌కి దించుకోండి. డ్రైవ్‌లో కావలసిన ఫైళ్ల పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్ ఎంచుకోండి. ఫోన్‌ని ఒకసారి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. చివరగా స్టార్, హ్యాష్, 06, హ్యాష్ వరసగా నొక్కితే తెర మీద 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఫోన్ పోతే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించడానికి అడిగేది ఆ నంబరే. అది రాసిన కాగితం ఇంట్లోవాళ్ల చేతికిచ్చి బస్సెక్కండి.