ఇద్దరూ దాతలే - కలపబోతే కుదరదు!

ఒక వింత చెబుతాను, వినండి. ఇద్దరు దాతలున్నారు. మొదటాయన తను కష్టపడి రాసినదాన్ని “ఎవరైనా తీసుకోండి, పైసా ఇవ్వనక్కర్లేదు” అన్నాడు. రెండో ఆయనా అదే మాట అన్నాడు. సరే గదా అని మూడో మనిషి ఆ రెండింటినీ తీసుకుని, ఒకటిగా కలిపి, నలుగురికీ ఊరికే పంచబోయాడు. “ఆగవయ్యా! అలా పంచడానికి వీల్లేదు” అన్నారు చట్టం తెలిసినవాళ్ళు. ఇచ్చినవాళ్ళు ఊరికే ఇచ్చారు. పంచేవాడూ ఊరికే పంచుతున్నాడు. మరి అడ్డేమిటి?

ఇది కట్టుకథ కాదు. కంప్యూటర్ ప్రోగ్రాంల లోకంలో 2005 నుంచి నలుగుతున్న చిక్కు.

అసలు ప్రోగ్రాంను ఇవ్వడమంటే ఏమిటి? పులిహోర తిన్నంత మాత్రాన అందులో ఏమేం ఎంతెంత వేశారో తెలియదు. చేసే విధానం రాసిన కాగితం చేతికొస్తే మాత్రం మీరూ చేసుకోవచ్చు. ఉప్పు తగ్గించవచ్చు, జీడిపప్పు చేర్చవచ్చు. ప్రోగ్రాంకూ అలాంటి కాగితం ఉంటుంది. దాన్నే సోర్స్ కోడ్ అంటారు. మామూలుగా మనం కొనే ప్రోగ్రాంలలో ఆ కాగితం ఇవ్వరు, వండిన పులిహోర మాత్రమే ఇస్తారు. సోర్స్ కోడ్‌ను కూడా ఇచ్చి, మార్చుకోవడానికీ, మళ్ళీ పంచడానికీ అనుమతి ఇస్తే అది ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. అనుమతి ఎందుకంటారా? కథ రాసినవారికి కథ మీద హక్కున్నట్టే ప్రోగ్రాం రాసినవారికి ప్రోగ్రాం మీద హక్కు ఉంటుంది. ఆ అనుమతి పత్రాన్నే లైసెన్సు అంటారు.

ఈ లైసెన్సుల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. మొదటి జాతి చాలా ఉదారమైనది. “నా పేరు చెరిపేయకు, ఆపైన నీ ఇష్టం” అంటుంది. అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టిన బి.ఎస్.డి. లైసెన్సు ఇలాంటిది. రెండో జాతి ఇచ్చిపుచ్చుకునే జాతి. “నేను నీకు ఎలా ఇచ్చానో, నువ్వూ పైవాళ్ళకు అలాగే ఇవ్వాలి” అంటుంది.

ఈ రెండో జాతిలో పెద్ద పేరున్నది జి.పి.ఎల్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు, అందరూ చదివి మార్చుకోగలిగే ప్రోగ్రాంలను తయారుచేసే పని మొదలుపెట్టాడు. వాటి కోసం 1989లో జి.పి.ఎల్.ను ప్రకటించాడు. 1991లో దాని రెండో కూర్పు వచ్చింది. దీని పద్ధతి పాలలో తోడు వేసినట్టుంటుంది. చెంచాడు తోడు వేస్తే గిన్నెలోని పాలన్నీ పెరుగవుతాయి గదా! అలాగే జి.పి.ఎల్. కింద ఉన్న కోడ్‌ను మీ ప్రోగ్రాంలో కలిపి ఇతరులకు పంచితే, ఆ మొత్తం ప్రోగ్రాంను జి.పి.ఎల్. కిందనే, సోర్స్ కోడ్‌తో సహా ఇవ్వాలి. అంతేకాదు, తను పెట్టిన షరతులకు మించి కొత్త షరతు ఒక్కటి కూడా మీరు తగిలించకూడదు. ఈ ఆఖరి మాట కాస్త గుర్తుపెట్టుకోండి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో లినక్స్ రాసి, 1992లో దాన్ని జి.పి.ఎల్. కిందికి తెచ్చాడు. ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి లోపలా ఉన్నది ఆ లినక్స్ కెర్నెలే. కెర్నెల్ అంటే యంత్రానికీ మిగతా ప్రోగ్రాంలకూ మధ్య నిలబడి పని చేయించే మేస్త్రి అనుకోండి.

తొమ్మిదో తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: “ఊరికే ఇచ్చినదానికి మళ్ళీ షరతులెందుకండీ మాస్టారూ? ఇది పిసినారితనం కాదా?” కాదంటాను. 2003లో ఏం జరిగిందో చూడండి. ఇంట్లో ఇంటర్నెట్‌ను తీగ లేకుండా పంచే చిన్న పెట్టె ఒకటి లింక్‌సిస్ అనే కంపెనీ అమ్ముతుండేది. దాని పేరు డబ్ల్యు.ఆర్.టి.54జి. లోపల ఏముందోనని కొందరు ఔత్సాహికులు పరిశీలించి, అందులో లినక్స్ ఉందని కనిపెట్టారు. “మరి షరతు ప్రకారం సోర్స్ కోడ్ ఏదీ?” అని నిలదీశారు. చివరికి ఆ ఏడే కంపెనీ దాన్ని బయటపెట్టవలసి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ప్రోగ్రాం పుట్టింది. ఇప్పుడది ఎన్నో కంపెనీల పెట్టెల్లో పనిచేస్తుంది. షరతే లేకపోతే ఆ కోడ్ పెట్టెలోనే ఉండిపోయేది!

ఇక మన రెండో దాత దగ్గరకు వద్దాం. అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ ఉండేది. అక్కడ జెఫ్ బోన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టి జెడ్.ఎఫ్.ఎస్. అనే ప్రోగ్రాంను తయారుచేశారు. డిస్కు మీద ఫైళ్ళను భద్రపరచడం దాని పని. అందులో ప్రత్యేకత ఏముందంటారా? డిస్కు మీద రాసిన 1 ఎప్పుడో చప్పుడు లేకుండా 0 అయిపోవచ్చు. ఫోటోలో ఒక గీత పడుతుంది, లెక్కలో ఒక అంకె మారుతుంది. ఎవరికీ తెలియదు! ప్రోగ్రెస్ కార్డులో మార్కుల కింద మొత్తం వేస్తాం చూశారూ, ఎవరైనా ఒక మార్కు దిద్దితే మొత్తం కలవక దొంగతనం బయటపడుతుంది. జెడ్.ఎఫ్.ఎస్. కూడా సమాచారపు ప్రతి ముక్కకూ అలాంటి ఒక ‘మొత్తం’ కట్టి, దాన్ని వేరే చోట దాస్తుంది. చదివేటప్పుడు మళ్ళీ కట్టి చూస్తుంది. తేడా వస్తే, రెండో ప్రతి ఉన్నచోట దానిలోంచి సరైన ముక్క తెచ్చి అతికిస్తుంది. ఎంత చక్కని ఏర్పాటు!

2005లో సన్ కంపెనీ దీని సోర్స్ కోడ్‌ను లోకానికిచ్చింది. దానికి పెట్టిన లైసెన్సు పేరు సి.డి.డి.ఎల్. ఇదీ ఇచ్చిపుచ్చుకునే జాతిదే. కానీ జి.పి.ఎల్. ప్రోగ్రాం మొత్తాన్నీ పట్టుకుంటే, ఇది తన ఫైళ్ళను మాత్రమే పట్టుకుంటుంది. “పక్కన ఎవరి ఫైళ్ళయినా ఉండనీ, నాకు అభ్యంతరం లేదు. నా ఫైళ్ళను మాత్రం నా లైసెన్సు కిందనే పంచాలి” అంటుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. రాముకు రెండు నోటు పుస్తకాలు దొరికాయి. భౌతికశాస్త్రం పుస్తకం మీద ఇలా రాసి ఉంది: “దీన్ని వేరే కాగితాలతో కలిపి కుట్టవచ్చు. కుట్టిన పుస్తకం మొత్తానికీ ఎర్ర అట్టే వేయాలి.” రసాయనశాస్త్రం పుస్తకం మీద ఇలా ఉంది: “దీన్ని వేరే కాగితాలతో కలిపి కుట్టవచ్చు. నా కాగితాలకు మాత్రం నీలం అట్టే ఉండాలి.” రాము రెండూ కలిపి కుట్టి తోటివాళ్ళకు పంచాలి. ఏ రంగు అట్ట వేస్తాడు? ఎర్రది వేస్తే రసాయనశాస్త్రం ఒప్పుకోదు. నీలం వేస్తే భౌతికశాస్త్రం ఒప్పుకోదు. సగం ఎరుపు, సగం నీలం వేద్దామా? రసాయనశాస్త్రం సరేనంటుంది. భౌతికశాస్త్రం మాత్రం ‘మొత్తానికీ’ అంది కదా! ఎర్ర అట్ట జి.పి.ఎల్., నీలం అట్ట సి.డి.డి.ఎల్. రెండు షరతులూ విడివిడిగా న్యాయమైనవే. రెంటినీ ఒకేసారి నెరవేర్చే పుస్తకం మాత్రం ఉండదు. లైసెన్సుల పొంతన కుదరకపోవడమంటే ఇదే. (సన్ కంపెనీ కావాలనే ఇలా రాసిందా అన్న విషయం మీద అక్కడ పనిచేసినవాళ్ళే తర్వాత రెండు రకాలుగా చెప్పారు.)

బి.ఎస్.డి. జాతికి చెందిన ఫ్రీబి.ఎస్.డి.కి ఈ బాధ లేదు. ‘మొత్తానికీ’ అనే పట్టుదల దానికి లేదు కాబట్టి, 2008లో వచ్చిన తన ఏడో కూర్పులోనే జెడ్.ఎఫ్.ఎస్.ను హాయిగా చేర్చుకుంది. లినక్స్ వాళ్ళేమో ఎదుట విందు ఉండగా పస్తున్నట్టయింది.

అయితే షరతులన్నీ పంచేటప్పుడే వర్తిస్తాయి. రాము తన ఇంట్లో, తన కోసం ఏ అట్ట వేసుకున్నా అడిగేవారు లేరు. ఇంజనీర్లు ఈ సందు పట్టుకున్నారు: రెండు పుస్తకాలనూ విడివిడిగా ఇచ్చి, “ఇంటికెళ్ళి మీరే కుట్టుకోండి” అన్నారు. లినక్స్ కోసం జెడ్.ఎఫ్.ఎస్.ను సిద్ధం చేసినవారిలో ముఖ్యులు అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల వాళ్ళు. 2012 జూన్‌లో ప్రపంచంలోకెల్లా వేగమైనదిగా నిలిచిన సెక్వోయా కంప్యూటరు వాళ్ళదే. దాని సమాచారాన్ని భద్రపరచడానికి వారికిది అవసరమైంది. 2016లో ఉబుంటు కంపెనీ కుట్టే పని తనే చేసి పంచింది. తప్పు లేదని ఆ కంపెనీ న్యాయవాదులు అన్నారు. షరతు తప్పినట్టేనని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే సంస్థ అన్నది. పేచీ పేచీగానే మిగిలింది.

కెర్నెల్ బయట బతకడం సులువు కాదు సుమా! లినక్స్ లోపల కొన్ని సదుపాయాలకు ‘జి.పి.ఎల్. వాళ్ళకు మాత్రమే’ అని గుర్తు ఉంటుంది. 2019లో వచ్చిన లినక్స్ 5.0తో, ప్రాసెసరు చేత గుంపుగా లెక్కలు చేయించే సదుపాయం ఒకటి జెడ్.ఎఫ్.ఎస్.కు అందకుండా పోయింది. ‘మొత్తాలు’ కట్టే వేగం పడిపోయి, దాని రచయితలు సొంతంగా మరో దారి వేసుకోవలసి వచ్చింది. సన్ కంపెనీని 2010లో ఒరాకిల్ కొనుక్కున్నది. ఒరాకిల్ న్యాయవాదులు సంతకం చేసిన ఉత్తరం చేతికొచ్చేదాకా జెడ్.ఎఫ్.ఎస్.ను లినక్స్‌లో కలపనని టోర్వాల్డ్స్ 2020లో తేల్చి చెప్పాడు.

తప్పెవరిదని అడిగితే, ఇచ్చిపుచ్చుకోవాలన్న షరతుది కాదని నా అభిప్రాయం. గోడ కట్టినవాళ్ళు తలుపు పెట్టడం మరిచారు, అంతే. తలుపు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ళు 2012లో తమ లైసెన్సు రెండో కూర్పు రాసినప్పుడు, జి.పి.ఎల్.తో కలపవలసి వస్తే కలుపుకోవచ్చని అందులోనే రాసిపెట్టారు. జి.పి.ఎల్. వాడే చాలామంది కూడా “రెండో కూర్పు, లేదా ఆ తర్వాతి ఏ కూర్పయినా” అని రాస్తారు. టోర్వాల్డ్స్ మాత్రం ‘రెండోది మాత్రమే’ అన్నాడు. అందుకే 2007లో వచ్చిన మూడో కూర్పు కింద మాత్రమే ఇచ్చిన కోడ్ లినక్స్ కెర్నెల్లోకి వెళ్ళలేదు. పేరొకటే, తల్లి ఒకటే, అయినా పొంతన లేదు!

మన తెలుగు వికీపీడియాకూ ఇలాంటి చిక్కే వచ్చి, తలుపు తెరుచుకుని బయటపడింది. 2003లో అది మొదలైనప్పుడు వ్యాసాలన్నీ జి.ఎఫ్.డి.ఎల్. అనే లైసెన్సు కింద ఉండేవి. అది ప్రోగ్రాంల కరదీపికల కోసం రాసినది. చిన్న వ్యాసం అచ్చువేసి పంచినా వెనుక లైసెన్సు పాఠం మొత్తం జోడించాలి! ఈలోగా మిగతా లోకం క్రియేటివ్ కామన్స్ లైసెన్సుకు అలవాటు పడింది. రెండూ ఇచ్చిపుచ్చుకునేవే కాబట్టి, ఎర్ర అట్ట, నీలం అట్ట తగాదాయే. లక్షల వ్యాసాల రచయితలందరినీ వెతికి అనుమతి అడగడం అయ్యే పనేనా? పాత షరతు రాసిన సంస్థే దిగివచ్చి 2008 నవంబరులో కొత్త కూర్పు తెచ్చి, 2009 ఆగస్టు 1 లోగా వికీలు మారవచ్చని వెసులుబాటు ఇచ్చింది. వికీపీడియా వాళ్ళు ఓటింగు పెట్టుకున్నారు. నూటికి సుమారు 75 మంది సరేనన్నారు. 2009 జూన్‌లో అన్ని భాషల వికీపీడియాలతో పాటు తెలుగుదీ మారింది.

ఇంట్లో పెద్దవాళ్ళ ఆండ్రాయిడ్ ఫోను అడిగి తీసుకుని ఒక పని చేయండి. సెట్టింగులలో ‘ఫోను గురించి’ అన్నచోట చట్టపరమైన సమాచారం ఉంటుంది. దానిలో ఓపెన్ సోర్స్ లైసెన్సుల జాబితా తెరవండి. వేలు నొప్పి పుట్టేంత పొడవుంటుంది. అందులో ‘ఉదార’ జాతివి ఎన్ని, ‘ఇచ్చిపుచ్చుకునే’ జాతివి ఎన్ని కనిపించాయో రాసుకుని, మీ సైన్సు మాస్టారికి చూపించండి.