బుల్లెట్ నేర్పిన ఓర్పు

జుమా నమాజు ముగిసి జనం బయటికి వస్తున్నారు. పొన్నూరులో మసీదు ముందు వరుసగా నిలబెట్టిన మోటారు సైకిళ్లు మీట నొక్కగానే స్టార్టయి ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. ఇంతలో వీధి చివర నుంచి డుగ్... డుగ్... డుగ్... అని ఒక శబ్దం. అరవై దాటిన వాళ్లందరూ ఒక్కసారి తలలు తిప్పారు. కుర్రవాళ్లు పట్టించుకోలేదు. "పాత ఇంజనే. టాపెట్లు బిగించాలి" అన్నారు నా పక్కనున్న పెద్దాయన, ఇంకా బండి కంటబడక ముందే. అలాంటి చెవులను తయారుచేసిన బండి గురించి, దాన్ని నడిపిన మన పెద్దల గురించి ఈ శుక్రవారం నాలుగు మాటలు చెప్పుకుందాం.

బుల్లెట్ మద్రాసు బండి అని మనలో చాలామంది అనుకుంటారు. దాని పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణం. అక్కడి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1932లో ఈ పేరుతో మొదటి బండిని ప్రదర్శించింది. మనకు తెలిసిన రూపం 1949లో అమ్మకానికి వచ్చింది. 346 సీసీల ఇంజను, ఒకే సిలిండరు. సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లయితే పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. పిస్టను అంత దూరం నడుస్తుంది, ఫ్లైవీలు బరువుగా ఉంటుంది. అందుకే ఇంజను తీరిగ్గా తిరుగుతుంది, ప్రతి దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. ఆ కాలంలో బీఎస్‌ఏ, ట్రయంఫ్, నార్టన్ కంపెనీలు కూడా 350, 500 సీసీల బండ్లు చేసేవి. వాటన్నిటిలో మన నేలలో వేరూనింది మాత్రం బుల్లెట్టే.

1950ల తొలి ఏళ్లలో సరిహద్దు గస్తీకి భారత సైన్యం ఈ బండిని ఎంచుకున్నది. 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మొదట ఇంగ్లండు నుంచి భాగాలు తెచ్చి బిగించేవారు. తరువాత తిరువొత్తియూరు ఫ్యాక్టరీలోనే అన్నీ తయారయ్యాయి. 1970ల ఆరంభానికి ఇంగ్లండులోని కంపెనీ కథ ముగిసిపోయింది. 1977లో మద్రాసులో చేసిన బుల్లెట్లు ఇంగ్లండుకే ఎగుమతి కావడం మొదలైంది.

అదే 1977లో, నవంబరు 19న, మన తీరం మీద ఉప్పెన విరుచుకుపడింది. నాకప్పుడు ఏడేళ్లు. మా పెద్ద మామూకు బాపట్ల వైపు చుట్టాలున్నారు. వాళ్లు బతికి ఉన్నారో లేదో చెప్పేవారు లేరు. గాలి తగ్గాక మామూ బుల్లెట్ తీశారు. వెనక ఒక బియ్యం మూట, పక్కన రెండు డబ్బాల మంచినీళ్లు. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడి ఉన్నాయి. బండి బరువు నూట అరవై కిలోల పైమాటే. చెట్టు అడ్డం వచ్చినచోటల్లా దారిన పోయేవాళ్లు నలుగురు చేయి వేసి బండిని ఎత్తి అవతల పెట్టేవారట. "వాళ్ల ఊరేదో నేనడగలేదు, నా పేరేమిటో వాళ్లడగలేదు" అని మామూ ఇప్పటికీ చెబుతారు. నీళ్లలో ఇంజను ఆగిపోతే ప్లగ్గు విప్పి, లుంగీ కొంగుతో తుడిచి, మళ్లీ కిక్కు కొట్టారు. చుట్టాలు ప్రాణాలతో దొరికారు. మా ఇంట్లో ఆ బండికి మర్యాద ఏర్పడింది ఆ రోజునుంచే.

ఆ కిక్కు కొట్టడం నాకు నేర్పింది కూడా మామూయే. అప్పటికి నాకు పదహారేళ్లు. కాలి బలమంతా పెట్టి తన్నాను. కిక్కు వెనక్కి కొట్టింది. వారం రోజులు కుంటాను. "బేటా, దాన్ని తన్నకు. ముందు అది ఎక్కడుందో చూడు" అన్నారు మామూ. హెడ్‌లైటు పక్కన ఆమ్‌మీటరు ఉంటుంది. తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే ముల్లు ఒక పక్కకు ఒరుగుతుంది. అది మళ్లీ నడిమికి వచ్చిందంటే పిస్టను పైకి చేరిందని గుర్తు. అప్పుడు ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెషను మీటను పట్టి, కిక్కును ఇంకాస్త కిందికి దించి, మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి, ఒకే ఊపుతో నిండుగా తొక్కాలి. అంతే, రెండో కిక్కు అక్కరలేదు. కోపంలో ఉన్నవాడికి, తొందరలో ఉన్నవాడికి ఆ బండి లొంగదు. సబర్ గురించి నేను మదరసాలో చదువుకున్నాను. కాలికి అది వంటబట్టింది మాత్రం మామూ వాకిట్లోనే.

పాత బుల్లెట్‌లో గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి. గేరు పక్కనే న్యూట్రలు కోసం ఒక చిన్న మీట. ఇరవై ఏళ్లు అలా నడిపిన కాలు ఇంకో పద్ధతిని ఒప్పుకోదు. 1990లలో మామూ కొడుకు కొత్త బండి కొన్నాడు. దానికి గేరు ఎడమవైపు, బ్రేకు కుడివైపు. ఒక సాయంత్రం కాలువ కట్ట మీద మామూ దాన్ని నడుపుతుంటే గేదె అడ్డం వచ్చింది. బ్రేకు అనుకుని ఎడమకాలు నొక్కారు. నొక్కింది గేరును. బండితో సహా కట్ట దిగిపోయారు. భుజం ఎముక విరిగింది. ఆ తరువాత ఆయన ఆ బండి ఎక్కలేదు. ఇంట్లో పాత బుల్లెట్ ఉన్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. రోజూ కొత్త బండి నడిపే పిల్లవాడు ఒక్కసారిగా పాతదెక్కితే ఇదే ప్రమాదం తిరగబడి వస్తుంది. ముందు ఖాళీ మైదానంలో కాలికి అలవాటు చేయించి, ఆ తరువాతే రోడ్డెక్కనివ్వండి.

ఇక మెకానిక్కుల సంగతి. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో, మన పొన్నూరులో ఈ పనిలో మనవాళ్లు ఎందరో స్థిరపడ్డారు. బడి మానేసిన పిల్లవాడిని ఉస్తాద్ దగ్గర వదిలేవారు. మొదటి ఏడాది పానాలు అందించడం, కిరోసిను‌లో భాగాలు కడగడం. టాపెట్లు సరిచేసే పని చివరికి గానీ చేతికిచ్చేవారు కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ రెండు వేళ్ల మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఆ బిగువు వేళ్లకు తెలియాలి. షెడ్డుకు వచ్చిన రైతు "మేస్త్రీ, శబ్దంలో ఏదో తేడాగా ఉందయ్యా" అంటే చాలు, ఉస్తాద్ కళ్లు మూసుకుని విని జబ్బు చెప్పేవారు.

ఇప్పుడు కాలం మారింది. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1994లో ఐషర్ చేతికి వచ్చి, మళ్లీ రాయల్ ఎన్‌ఫీల్డ్ అయింది. 2020లో నార్టన్‌ను టీవీఎస్ కొన్నది. బ్రిటన్‌లో పుట్టిన ఈ పేర్లు ఇప్పుడు మనవాళ్ల చేతుల్లో ఉన్నాయి. కొత్త బుల్లెట్‌కు గేరు ఎడమవైపే. మీట నొక్కితే స్టార్టవుతుంది. అది మంచిదే. నడుము నొప్పి ఉన్నవాడు, ఆడపిల్ల, ఎవరైనా నడపవచ్చు. మన కుర్రవాళ్లు సైలెన్సరు మార్చి వీధి అదిరేలా చేస్తున్నారే, అది మాత్రం పాత బుల్లెట్ గౌరవం కాదు. పాత బండి శబ్దం రోగిని నిద్ర లేపేది కాదు.

మామూకు ఇప్పుడు ఎనభై దాటాయి. మోకాళ్లు పనిచేయవు. బుల్లెట్ వరండాలో గోనెపట్టా కింద ఉంది. మొన్న పట్నం నుంచి ఒకాయన వచ్చి మంచి ధర చెప్పాడు. కొడుకులు అమ్మేద్దామన్నారు. మామూ ఏమీ అనలేదు. ఇంటర్ చదివే మనవరాలిని పిలిచి తాళం చేతికిచ్చారు. ఆ పిల్ల గోనెపట్టా తీసి, స్టాండు మీదున్న బండి దగ్గర నిలబడి, ముల్లు వంక చూస్తూ కిక్కును మెల్లగా నొక్కింది. ఎప్పుడు నేర్పారో మాకెవరికీ తెలియదు. ముల్లు నడిమికి వచ్చింది. మీట పట్టి, వదిలి, ఒక్క ఊపు. డుగ్... డుగ్...

"టాపెట్లు బిగించాలి" అన్నారు మామూ, మంచం మీదనుంచే. వచ్చినాయన టీ తాగి వెళ్లిపోయాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పెద్దలుంటే ఈ శుక్రవారం వారి పక్కన కాసేపు కూర్చోండి. బండి అమ్ముకోవాలా ఉంచుకోవాలా అన్నది మీ ఇష్టం. ఆ చెవికి, ఆ వేళ్లకు తెలిసిన విద్యను మాత్రం పిల్లలకు అందేలా చూడండి.