తివాచీని తిరగేసి చూశారా?

పోయినేడు విజయవాడలో ఒక ఎగ్జిబిషన్‌లో తివాచీ కొన్నాను. "ఏలూరు చేనేతమ్మా, అసలు ఊలు" అన్నాడు అమ్మే అబ్బాయి. బేరమాడి సగానికి సగం తగ్గించి, ఏదో గెలిచినట్టు పామర్రు తెచ్చుకున్నాను. ఏలూరు నుంచి వచ్చిన మా పిన్ని ఏమీ అనకుండా ఒక మూల పట్టుకుని దాన్ని తిరగేసింది. అడుగున గుడ్డ అంటించి ఉంది.

"ఇది ముడులేసి నేసింది కాదే అమ్మాయ్. ఆ ధరకి చేత్తో ఎవరు నేస్తారే?" అంది.

సిగ్గేసింది. మోసపోయినందుకు కాదు. చేత్తో నేసిందని నమ్మి కూడా అంత తక్కువకి అడగగలిగినందుకు.

ఏలూరు తివాచీలకి వందల ఏళ్ళ చరిత్ర ఉంది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఈ విద్య తెచ్చారని అక్కడ చెప్పుకుంటారు. తంగెళ్ళమూడి పేరు చెబితే పాతతరం వాళ్ళకి తివాచీలే గుర్తొస్తాయి. మగ్గానికి నూలు పడుగు కడతారు. ఒక్కో జత పడుగు దారాలకి ఊలు చుట్టి ముడి వేసి, కత్తితో కోస్తారు. వరస పూర్తయ్యాక పేక పోనిచ్చి, దువ్వెనలాంటి పనిముట్టుతో గట్టిగా కొడతారు. ఆఖరున పెద్ద కత్తెరతో ఊలు సమం చేస్తారు.

అంగుళానికి అటు ఆరు, ఇటు ఆరు ముడులే అనుకుందాం. అది ముతక రకమే. అయినా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న తివాచీకి 1,24,416 ముడులు పడతాయి. సన్నరకానికి ఇంకెన్నో! మనం బేరమాడేది ఈ ముడుల మీదే.

ఈ చవక బేరం కొత్తదేం కాదు. మనకి దగ్గర్లోని బందరు తివాచీలు ఒకప్పుడు దేశంలోనే మేలైనవిగా పేరుపొందాయి. ఇంగ్లీషు వర్తకులు చవక సరుకు కావాలని నేతగాళ్ళకి నాసిరకం దారం అంటగట్టారనీ, దానితో ఆ పనితనం చెడిందనీ జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆయన 1880లోనే రాశాడు.

చవకకి ఇంకో మూల్యం కూడా ఉంది. దేశంలో చాలాచోట్ల పసిపిల్లల్ని మగ్గాల ముందు కూర్చోబెట్టారు. 1986 నాటి బాలకార్మిక చట్టం పిల్లలతో చేయించకూడని పనుల్లో తివాచీ నేతనీ చేర్చింది. 2016 సవరణతో పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు, ఇంటివాళ్ళకి సాయం వంటి కొద్ది మినహాయింపులతో.

దూరాన మొరాకోలోనూ ఇదే విద్య ఉంది. అట్లాస్ కొండల్లో అమాజిగ్ ఆడవాళ్ళు గొర్రెల ఊలు వడికి, ఇంట్లోనే నిలువు మగ్గం మీద తివాచీలు నేస్తారు. చలిలో అవే పక్కలు, అవే దుప్పట్లు. కాగితం మీద బొమ్మేమీ ఉండదు. అమ్మ నేస్తుంటే చూసి కూతురు నేర్చుకుంటుంది. నేసేది ఆడవాళ్ళు, సంతలో అమ్మేది ఎక్కువగా మగవాళ్ళు. ఇక్కడి సంగతి గుర్తొస్తోంది కదూ?

కొనేముందు ఈ నాలుగూ చూసుకోండి. తిరగేస్తే వెనకా డిజైను స్పష్టంగా కనిపించాలి, ముడులు కాస్త హెచ్చుతగ్గులుగా ఉండాలి. చివరి కుచ్చులు పడుగు దారాలే అయి ఉండాలి, విడిగా కుట్టినవి కాకూడదు. అడుగున గుడ్డ అంటించి ఉండకూడదు. రాలిన నూగు కాస్త తీసి జాగ్రత్తగా కాల్చండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసనొస్తుంది, ప్లాస్టిక్ దారమైతే కరిగి పూసకడుతుంది.

తెచ్చుకున్నాక మన డెల్టా చెమ్మలో దాన్ని మడతపెట్టకుండా చుట్టి ఉంచండి. నెలకోసారి ఎండ చూపించి దులపండి, పురుగు చేరదు.

నా తివాచీ ముందుగదిలోనే ఉంది. ఈసారి ఏలూరు వెళితే చిన్నదైనా అసలైనది కొనాలని డబ్బు దాస్తున్నాను. బేరం ఆడనని అనను. ముడులు లెక్కపెట్టాకే ఆడతాను.